ఆస్కార్ లిస్టులో ముందు ఏది చూడాలి?

ప్రశ్న: మేం ఐదుగురం ఇంజనీరింగ్ నాటి ఫ్రెండ్స్‌మి. ఏటా ఆస్కార్ నామినేషన్లు రాగానే గ్రూపులో లిస్టు పెట్టుకుని ఉత్తమ చిత్రం పోటీలోని పది సినిమాలూ చూసేయాలని ఒట్టేసుకుంటాం, మూడో సినిమాకే చేతులెత్తేస్తాం. 2024 లిస్టే ఇంకా బాకీ ఉంది, చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. ‘ఓపెన్‌హైమర్’, ‘బార్బీ’ థియేటర్లో చూశాను, మిగతా ఎనిమిదీ అలాగే ఉన్నాయి. ఒకడు ‘కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్’ చూడమంటాడు. ఇంకొకడు దానికి ఒక్క అవార్డూ రాలేదు కదరా, ‘పాస్ట్ లైవ్స్’ చూడు అంటాడు. వాడు చెప్పాడని అది పెడితే అరగంటకి నిద్రపోయాను. నాకు దొరికేది శనివారం రాత్రి ఒక్కటే, అదీ మా ఆవిడా, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయీ పక్కనుండగా. ఎవరి మాట వినమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి. ఆస్కార్లకి ఓటేసే అకాడమీ సభ్యులకే, ఏ విభాగంలో ఫైనల్ ఓటు వేయాలన్నా అందులోని సినిమాలన్నీ చూసి ఉండాలన్న రూలు అన్ని విభాగాలకీ 2025లో గానీ రాలేదు, ఇక మీకెందుకండీ అంత పట్టుదల? అలాగే మీ రెండో ఫ్రెండ్‌కి ఒక మాట చెప్పండి. ‘కిల్లర్స్’కి 10 నామినేషన్లు వచ్చి ఏమీ రాని మాట నిజమే, కానీ ఆయన గారి ‘పాస్ట్ లైవ్స్’కి వచ్చినవే రెండు నామినేషన్లు, గెలిచింది సున్నా. అవార్డుల లెక్కతో వాదిస్తే ఇద్దరూ ఓడిపోయినట్టే.

అయినా ఫ్రెండ్స్ మాట వినొద్దని నేననను. మనం వాళ్లని అడగాల్సింది అడగం, అదే గొడవ. నా సంగతే చెప్తాను. అదే లిస్టులోని ‘ది జోన్ ఆఫ్ ఇంటరెస్ట్’ గురించి ఒక ఫ్రెండ్ “సూపర్ రా, చూసెయ్” అని మెసేజ్ పెట్టాడు, అంతే, ఇంకో ముక్క లేదు. ఆదివారం మధ్యాహ్నం, పైన ఫ్యాను ఫుల్లు, వంటింట్లో కుక్కర్ విజిల్, అలా పెట్టి కూర్చున్నాను. ఒక పెద్ద ఇల్లు, తోట, నీళ్లలో ఆడుకునే పిల్లలు, మొక్కలు చూసుకునే ఇల్లాలు. నలభై నిమిషాలైనా కథ కదలదే! కట్టేసి, తిడదామని ఫోన్ చేస్తే వాడు ముందు అడిగిన మాట, “ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నావా?”

ఆ ఇల్లు, నాజీలు యూదుల్ని లక్షల్లో చంపిన ఆష్విట్జ్ శిబిరాన్ని నడిపిన అధికారిది, తోట గోడకి అవతలే శిబిరం. అక్కడ జరిగే హింసని సినిమా కళ్లకి చూపించదు, వినిపిస్తుంది. తుపాకీ చప్పుళ్లు, అరుపులు, ఆగకుండా వచ్చే కొలిమి హోరు. బెస్ట్ సౌండ్ ఆస్కార్ ఊరికే ఇవ్వలేదు దానికి. నేనేమో సగం సినిమాని కుక్కర్ విజిల్‌కి సమర్పించుకున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్స్‌తో మళ్లీ మొదట్నించీ చూశాను, అదే తోట, అవే పిల్లలు, పక్కన పెట్టుకున్న మరమరాల గిన్నె ఎక్కడిది అక్కడే ఉండిపోయింది.

అందుకే ఇప్పుడు ఎవరైనా సినిమా చెప్తే, ఎప్పుడు చూశావు, ఎవరితో చూశావు, ఎక్కడ బోర్ కొట్టింది అని మూడూ అడుగుతాను. బోర్ ఎక్కడా కొట్టలేదు అన్నవాడిని పెద్దగా నమ్మను. ఇంకొకాయన ఉన్నాడు, ఆయన “బాగా స్లో” అన్నాడంటే చాలు, నా లిస్టులో చేర్చేసుకుంటాను, ఎందుకంటే మా ఇద్దరి టేస్టూ ఉప్పూ నిప్పూ.

మీ శనివారం రాత్రికి ‘ది హోల్డోవర్స్’ పెట్టండి. 1970 క్రిస్మస్ సెలవులకి అందరూ ఇళ్లకి వెళ్లిపోతే హాస్టల్ స్కూల్లో మిగిలిపోయిన ఒక కుర్రాడు, ఎవరికీ నచ్చని ఒక మాస్టారు, వియత్నాం యుద్ధంలో కొడుకుని పోగొట్టుకున్న వంటావిడ. ఆ వంటావిడగా చేసిన డావైన్ జాయ్ రాండాల్ఫ్‌కే ఉత్తమ సహాయ నటి ఆస్కార్ వచ్చింది. బూతు మాటలు ఉన్నాయి, అబ్బాయి సంగతి మీ ఇష్టం. ‘పూర్ థింగ్స్’ మాత్రం వాడు పక్కనుండగా తెరవకండి. వాడికోసం ఒకటి కావాలంటే ఆ పదిలో లేని ‘గాడ్జిల్లా మైనస్ వన్’ చూడండి, జపాన్ సినిమా, ఆ ఏడాది విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ దానిదే. ‘కిల్లర్స్’ 3 గంటల 26 నిమిషాలు, రెండు రాత్రులు చూస్తే ఎవరూ కేసు పెట్టరు.

ఇక మీరు నిద్రపోయిన ‘పాస్ట్ లైవ్స్’. దానికి ఇంకో చాన్స్ ఇవ్వండి, కానీ వారమంతా ఆఫీసులో నలిగిన శనివారం రాత్రి కాదు. పన్నెండేళ్ల పిల్ల సియోల్ వదిలి అమ్మానాన్నలతో వెళ్లిపోతుంది, 24 ఏళ్ల తర్వాత చిన్ననాటి నేస్తం ఆమెని చూడ్డానికి న్యూయార్క్ వస్తాడు, అప్పటికి ఆమెకి పెళ్లయిపోయింది. మధ్యలో కొన్నాళ్లు స్కైప్‌లో మాట్లాడుకుంటారు, మీరు కునుకు తీసింది అక్కడే అయ్యుంటుంది. అందులో ‘ఇన్‌యన్’ అని ఒక కొరియన్ మాట వస్తుంది, ఆ పిల్ల దాన్ని అమెరికా వాడికి బోలెడంత వివరించి చెప్పాలి, మనకైతే ఋణానుబంధం అంటే చాలు. మీ ఐదుగురిలో ఎవరైనా అమెరికాలో ఉంటే ముందు వాడిని చూడమనండి, ఎక్కడ ఆగిపోయాడో అడగండి.

ప్రశ్న: ‘అనాటమీ ఆఫ్ ఎ ఫాల్’ సబ్‌టైటిల్స్‌తోనే చూడాలని మా ఫ్రెండ్ పట్టుబడుతోంది. డబ్బింగ్‌లో చూస్తే ఏం పోతుంది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఈ ఒక్క సినిమాకీ మీ ఫ్రెండ్ మాటే రైటు. భర్త మేడ మీంచి పడి చనిపోతాడు, తోసిందా, పడ్డాడా అని భార్య మీద కేసు. ఆమె జర్మన్, భర్త ఫ్రెంచ్, ఇంట్లో మాట్లాడుకునేది ఇద్దరిదీ కాని ఇంగ్లీషు. కోర్టులో ఫ్రెంచ్‌లో జవాబులు చెప్తూ చెప్తూ ఒక చోట ఇక నా వల్ల కాదని ఇంగ్లీషులోకి మారుతుంది. భార్యాభర్తల గొడవలో కూడా ఈ భాషల తగువే ఉంటుంది. డబ్బింగ్‌లో అందరూ ఒకే భాష మాట్లాడితే ఆ తగువు ఎందుకొచ్చిందో అర్థం కాదు. ఇంట్లో కుక్క ఒక్కటే ఏ భాషలో చూసినా బాగా చేసినట్టుంటుంది, కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్లో కుక్కలకిచ్చే పామ్ డాగ్ అవార్డు కూడా దానికే వచ్చింది.