ఆకాశం కింద పళ్లెం పెట్టే ముందు

చిరంజీవి అమ్మలుకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు బొబ్బిలి వచ్చి, రాత్రిపూట వేడి ఆకాశంలోకి ఎలా పోతుందో డాబా మీద కొలిచి చూస్తావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. పెరటివైపు డాబాకు పిట్టగోడ లేదు. చీకట్లో థర్మామీటరు చూస్తూ వెనక్కి ఒక్క అడుగు వేస్తే ఏమవుతుందో తలచుకోవడానికే భయంగా ఉంది. కాబట్టి కళ్లంలో చెయ్యి. గడ్డి దగ్గర పాములు తిరుగుతాయి గనుక టార్చి, చెప్పులు లేకుండా అక్కడికి వెళ్లకు.

డాబా వద్దనడానికి మరో కారణం ఉంది. మీ నాన్న పదో తరగతిలో ఇదే ప్రయోగం చేస్తూ పళ్లేన్ని తిన్నగా శ్లాబు మీద పెట్టాడు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి చాలాసేపటి వరకు కింది నుంచి వేడిని అందిస్తూనే ఉండడంతో పళ్లెం గాలికన్నా వెచ్చగా తేలింది. ఆకాశం చల్లబరుస్తుందన్న మాట అబద్ధమని రాసి, పుస్తకం అటక మీద పడేశాడు. పళ్లెం కింద చెయ్యి పెట్టి చూడరా అని ఎంత బతిమాలినా వినలేదు. కొలత తప్పు కాదమ్మా, పిల్లవాడు శ్రద్ధగానే కొలిచాడు. కాకపోతే కొలిచింది శ్లాబును. 27 డిగ్రీల దగ్గర మసి పూసిన పళ్లెం చదరపు మీటరుకు దాదాపు 460 వాట్లు వెలువరించినా, గాలిలోని నీటి ఆవిరి తన వంతు వేడిని కిందికి పంపుతూనే ఉంటుంది. ముఖ్యంగా తరంగదైర్ఘ్యం 8 నుంచి 13 మైక్రోమీటర్ల మధ్య ఉన్న పరారుణ కిరణాలకే, అంటే కంటికి కనబడని వేడి కిరణాలకే, పైకి దారి దొరుకుతుంది. మిగిలే ఆ కొద్దిపాటి నష్టాన్ని శ్లాబు వేడి ఇట్టే పూడ్చేస్తుంది.

అలహాబాదు ప్రాంతంలో గుంటల్లో చెరకు చొప్ప పరిచి, దాని మీద మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి, చలికాలపు రాత్రుల్లో మంచుగడ్డ తీసేవారని రాబర్ట్ బార్కర్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1775లో రాశాడు. నేల వేడి పైకి రాకుండా ఆపేది ఆ చొప్పే. నువ్వు వరిగడ్డి మందంగా పరుచు. అది పొడిగా ఉండాలి.

రెండు థర్మామీటర్లనూ ముందు ఒకే చెంబు నీళ్లలో ముంచి, తేడా ఉంటే రాసిపెట్టుకో. ఒక పళ్లేన్ని ఆరుబయట, రెండోదాన్ని గొడుగు కింద పెట్టు. నిగనిగలాడే స్టీలు వేడిని సరిగా వదలదు కాబట్టి రెండింటికీ కాగితం అంటించు; తెల్లదైనా సరిపోతుంది. మసి పట్టిద్దామని దీపం మాత్రం గడ్డి దగ్గరికి తేకు. గాలి వీస్తే పైన పలచని పాలిథిన్ కప్పు, అద్దం వద్దు. పరారుణ కిరణాలను అద్దం ఆపేస్తుంది.

మబ్బు పట్టిన రాత్రి కూడా కొలిచి చూడు. రెండు అంకెలూ దగ్గర దగ్గరగా వస్తాయి, వాటినీ కొట్టివెయ్యకుండా రాయి.

మీ తాతయ్య