ఆర్డరు తీసుకోండి, మెషీన్ ఇప్పుడే కొనకండి

ప్రశ్న: మాది నెల్లూరు. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి కె.ఆర్.పురంలో ఉంటున్నాం. పోయిన క్రిస్మస్‌కి చర్చిలో తెలిసినవాళ్లకి వాటర్‌కలర్‌తో గ్రీటింగ్ కార్డులు చేసి ఇచ్చాను. ఈసారి మా అపార్ట్‌మెంట్ వాళ్లు, మావారి ఆఫీసు వాళ్లు కలిపి 150 కార్డులు అడిగారు, ఒక్కోటి 120 రూపాయలకి. కార్డుకి సామాను ఖర్చు 35 రూపాయలు, చేయడానికి ముప్పావు గంట పడుతోంది. బొమ్మలు అచ్చు వేసే స్టాంపులు, కాగితాన్ని ఆకారాలుగా కోసే డైలు, వాటితో కోసే డై కటింగ్ మెషీన్ కొనాలంటే 38,000 అవుతుంది. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీతో 12 నెలల ఈఎంఐ పెడదామని నేను, పాప స్కూలు ఫీజుకని కడుతున్న ఆర్డీ తీసేద్దామని మావారు. విజయవాడలో మా చెల్లెలు కూడా కొన్ని అమ్మిపెడతానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈఎంఐ వద్దు, ఆర్డీ కూడా ముట్టుకోవద్దు. ఆర్డరు మాత్రం వదులుకోకండి.

మీరిచ్చిన అంకెలే చూద్దాం. 150 కార్డులకు 18,000 వస్తాయి. సామానుకు 5,250 పోతే 12,750 మిగులుతుంది. అంటే 38,000 తిరిగి రావాలంటే ఇలాంటి ఆర్డర్లు మూడు కావాలి. క్రిస్మస్ ఏడాదికి ఒక్కసారే వస్తుంది కాబట్టి మూడేళ్లు, అన్నాళ్లూ మీ చేతిపనికి రూపాయి రాదు. ఈఎంఐ అయితే వడ్డీ దాదాపు 3,370, దాని మీద 18 శాతం జీఎస్టీ 600 పైచిలుకు, ప్రాసెసింగ్ ఫీజు వేరు. మొత్తం నాలుగు వేలనే అనుకుందాం. కార్డుకు మీకు మిగిలేది 85 రూపాయలు. అంటే 47 కార్డులు బ్యాంకు కోసమే చేస్తారు. ఇక పాప ఫీజు డబ్బంటారా, దానికి కట్టాల్సిన తేదీ ఉంది. అలాంటి డబ్బును ఎప్పుడు తిరిగొస్తుందో తెలియని పనిలో పెట్టకూడదు.

మీ ఉత్తరంలో మొత్తం గంటల లెక్క లేదు. నాకు అదే అన్నిటికంటే ముఖ్యం అనిపించింది. కార్డుకు ముప్పావు గంట చొప్పున 150 కార్డులకు 112 గంటలు పైనే. మెషీన్ కొనకపోయినా మీకు గంటకు దక్కేది 113 రూపాయలే. అదే అరగంటలో చేయగలిగితే 75 గంటలు, గంటకు 170. దీనికి డబ్బు పెట్టక్కర్లేదు, పని చేసే వరస మారిస్తే చాలు.

మందపాటి 300 జీఎస్ఎం వాటర్‌కలర్ పేపరునే మడిచి కార్డు చేస్తున్నట్లయితే ఏ4 షీటుకు రెండే వస్తాయి, మందం వల్ల మడత కూడా నీటుగా రాదు. మామూలు కార్డ్‌స్టాక్ (కార్డులకు వాడే గట్టి కాగితం) మడిచి, దాని మీద రంగు వేసిన ముక్క అతికించండి. అప్పుడు ఏ4కి నాలుగు ముక్కలు వస్తాయి. షీటంతటికీ ఒకేసారి వాష్ (పలుచటి రంగు పూత) వేసి, పూర్తిగా ఆరాకే కోయండి. తడి ఉండగా స్టాంపు వేస్తే ఇంకు పాకి షీటు మొత్తం పాడవుతుంది. ముందు స్టాంపుతో గీతలు వేసి తర్వాత రంగు నింపే పద్ధతి అయితే నీళ్లకు చెదరని ఇంకు తప్పనిసరి. ఈ ఒక్కదాని దగ్గర పొదుపు చూడకండి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన తొలి క్రిస్మస్ కార్డు కూడా ఇలాగే తయారైంది, గీతలు అచ్చులో, రంగులు చేత్తో. ఒక్కోటి షిల్లింగుకు అమ్మారు. అంతా చేత్తోనే గీయాలన్న పట్టుదల అక్కర్లేదు.

స్టాంపుల విషయంలో నాదొక సలహా. 'క్రిస్మస్ శుభాకాంక్షలు' అని అందమైన తెలుగు అక్షరాల్లో రాసి, రబ్బరు స్టాంపులు చేసేవాళ్ల దగ్గర చేయించండి. దిగుమతి స్టాంపు సెట్ల ధరలతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. బెంగళూరులో తెలుగు కుటుంబాలు ఇన్ని ఉన్నా, తెలుగులో చేతితో చేసిన కార్డు కావాలంటే దుకాణంలో దొరకడం కష్టం. మీ కార్డుకు మంచి ధర తెచ్చేది ఇదే. ఆఫీసు ముద్రల్లాగా ఇంకు లోపలే ఉండే రకం మాత్రం వద్దు, ఆ ఇంకు నీళ్లు తగిలితే కారిపోవచ్చు.

డై కటింగ్‌కి ఈ ఏడాది మెషీన్ లేకుండానే గడుపుకోవచ్చు. చిక్‌పేట, సుల్తాన్‌పేట వైపు పెళ్లికార్డులు వేసే ప్రెస్సుల్లో అడగండి. ప్లైవుడ్ పలకలో ఉక్కు పట్టీ బిగించి మీ ఆకారానికి డై చేసి కోస్తారు. సన్నటి దేవదారు కొమ్మలు దాంతో రావు కానీ నక్షత్రం, గంట, క్రిస్మస్ చెట్టు బాగానే వస్తాయి. తెలిసినవాళ్లలో ఎవరికైనా మెషీన్ ఉంటే, ముక్కకింత అని డబ్బిచ్చి వాడుకోండి. ఊరికే అడగకండి. మెషీన్‌లో పెట్టే కటింగ్ ప్లేట్లు గాట్లు పడి వంగిపోతాయి, వాటిని మార్చే ఖర్చు వాళ్లదే కదా.

పెట్టుబడి ఎక్కడిదంటే, ఆర్డరు ఇచ్చినవాళ్లదే. సగం అడ్వాన్సు అడగండి, 9,000 వస్తాయి. సామానుకు 5,250 పోగా మిగిలిన 3,750లోనే తెలుగు స్టాంపు, ఇంకు, ప్రెస్సు ఖర్చు సర్దుకోవాలి. పేపరు, కవర్లు అవెన్యూ రోడ్డులో హోల్‌సేల్‌గా కొనండి. ఒప్పుకున్న 120 ధర మార్చకండి, కొత్తగా అడిగేవాళ్లకు 150 చెప్పండి. అడ్వాన్సు ఇవ్వడానికి వెనకాడేవాళ్లు కార్డులయ్యాక తీసుకోకపోవచ్చు కూడా, ఆ సంగతి ఇప్పుడే తేలడం మంచిది.

డిసెంబరు తర్వాత మిగిలిన డబ్బును వేరే సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. ఉగాదికి, పుట్టినరోజులకు, పెళ్లిళ్లకు కూడా ఆర్డర్లు వస్తున్నాయని తేలాక, ఆ ఖాతాలోని డబ్బుతోనే మెషీన్ కొనండి. అప్పుడైనా దుప్పి, శాంటా డైలు కాకుండా ఆకులు, గుండ్రాలు, ఫ్రేములు తీసుకోండి. అవి ఏడాదంతా పనికొస్తాయి.

పన్నుల గురించి టెన్షన్ పడాల్సినంత మొత్తం కాదిది. కర్ణాటకలోనే సరుకు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. విజయవాడలో అమ్మితే మాత్రం అది రాష్ట్రం దాటిన అమ్మకం, నిబంధనలు వేరు. చేతిపనుల వస్తువులకు కొన్ని మినహాయింపులున్నా అవి మీ కార్డులకు వర్తిస్తాయో లేదో ముందు ఆడిటర్‌ను అడగండి. ఈ ఏడాదికి మీ చెల్లెలికి నాలుగు కార్డులు కానుకగా పంపి, అక్కడ ఎవరెవరు అడుగుతారో రాసిపెట్టమనండి.