'లైట్ కుకింగ్' అంటే పోపు పెట్టొచ్చా?

ప్రశ్న: మావారికి సింగపూర్‌లో ఉద్యోగం వచ్చింది. ముందు ఒక గది అద్దెకు తీసుకుందామంటే, అడిగిన ప్రతి ఓనరూ 'లైట్ కుకింగ్ ఓన్లీ' అంటున్నారు. పోపు కూడా పెట్టకూడదా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ఆ మాటకు ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం. నేను మొదట దిగిన ఇంట్లో అన్నం, చారు వరకే, ఇంగువ వేసిన రోజు మాత్రం ఓనరమ్మ మాటా పలుకూ లేకుండా వచ్చి కిటికీలన్నీ బార్లా తెరిచి వెళ్లేది, నాకు తల తీసేసినట్టుండేది. అందుకే ఫోన్‌లో మొహమాటపడకుండా 'రోజూ పోపు పెడతాం, వారానికోసారి చేపలు వేయిస్తాం, సరేనా' అని అడిగేయండి. ఒప్పుకుంటే అగ్రిమెంట్‌లో రాయించండి.

అది హెచ్‌డీబీ ఫ్లాట్, అంటే ప్రభుత్వం కట్టించినదైతే, 6 నెలలకు తక్కువ అద్దెకివ్వకూడదు, ఓనర్ ముందే హెచ్‌డీబీ సంస్థ నుంచి అనుమతి కూడా తీసుకుని ఉండాలి, అది చూడకుండా డబ్బు కట్టొద్దు. ఏసీ సర్వీసింగ్ ఖర్చు ఎవరిదో కూడా తేల్చుకోండి, చాలాచోట్ల అద్దెకున్నవాళ్ల మీదే పడుతుంది.

సరుకులకు టెన్షన్ వద్దు. లిటిల్ ఇండియాలో దిగి సెరంగూన్ రోడ్డు పట్టుకుంటే కరివేపాకు, మునక్కాయలు, కందిపప్పు అన్నీ దొరుకుతాయి. ఆవకాయ మాత్రం ఇంటినుంచే తెచ్చుకోండి, మూత గట్టిగా బిగించి.