అమ్మ గురించి రాద్దామంటే పేజీ నిండడం లేదు

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున ఉన్న పల్లె. పెళ్లయ్యాక బరంపురంలో ఉంటున్నాను. నాకు 54 ఏళ్లు. కిందటి మార్గశిరంలో అమ్మ పోయింది. ఆమెకు 84. ఆంధ్రలోని పాతపట్నం నుంచి పదిహేనో ఏట కోడలిగా వచ్చి, ఆ పొలంలోనే, ఆ ఇంట్లోనే బతుకంతా గడిపింది. నాన్నకు 89. సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకం వేద్దామని అన్నయ్య అన్నాడు. "చదువుకున్నదానివి, నువ్వే రాయి" అన్నాడు. రోజూ కూర్చుంటున్నాను. "ఓర్పుకు మారుపేరు, ప్రేమమూర్తి" దగ్గరే ఆగిపోతున్నాను. వదినను అడిగితే "చుట్టపుచూపుగా వచ్చిపోయేదానివి, నువ్వేం రాస్తావులే" అంది. అప్పట్నుంచి సరిగా నిద్ర లేదు. ఇంకో సంగతి. నేను ఎనిమిదిలో ఉండగా కోతల రోజుల్లో తమ్ముణ్ణి చూసుకోమని అమ్మ నన్ను బడి మాన్పించింది. ఆ ఏడు పరీక్ష పోయింది. ఆ కోపం ఇప్పటికీ ఉంది. పోయిన అమ్మ మీద కోపం పెట్టుకోవడం పాపం కదా?

జవాబు: అమ్మా, "ప్రేమమూర్తి" దగ్గర మీ కలం ఆగిపోయిందంటే అది మంచి లక్షణమే. ఆ మాట ఎవరి అమ్మ ఫొటో కింద రాసినా సరిపోతుంది. మీ అమ్మకు మాత్రమే సరిపోయేది కావాలని మీ మనసు అడుగుతోంది, అది దొరక్క తిప్పలు పడుతున్నారు. ప్రేమ లేక కాదు, సమాచారం లేక. సమాచారం సంపాదించుకోవచ్చు. అది తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు.

పల్లెలో వ్యవసాయం చేసుకునే ఆడమనిషి జీవితానికి తేదీలు ఉండవు. ఉద్యోగంలో చేరిన రోజు, ప్రమోషన్, రిటైర్మెంట్, ఇవేవీ లేవు. అందుకే "ఏముంది రాయడానికి" అనిపిస్తుంది. మీ వైపు పల్లెల్లో ఏళ్లను లెక్కపెట్టేది వరదలతో, తుపానులతో. 1980లో వంశధార పొంగినప్పుడు మీకు తొమ్మిదో పదో ఏళ్లు ఉండాలి, కాస్త గుర్తు తెచ్చుకోండి. ఆ రాత్రి అమ్మ ముందుగా ఏది అందుకుంది? పిల్లల్నా, పశువుల్నా, విత్తనపు ధాన్యాన్నా? 2013లో ఫైలిన్, 2018 అక్టోబరులో తిత్లీ. తిత్లీ నాటికి ఆమెకు డెబ్బై ఎనిమిది దగ్గరపడి ఉంటాయి. ఆ వయసులో పడిపోయిన చేను చూసి ఏమందో అన్నయ్యకు తెలిసే ఉంటుంది. ఆ ఒక్క మాట దొరికితే మీ "ఓర్పుకు మారుపేరు" కొట్టేయొచ్చు.

అలాగే ఆమె రాక. నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే చిన్న రైలు 2004 దాకా నడిచింది. పాతపట్నం ఆ దారిలోదే. పదిహేనేళ్ల పెళ్లికూతురు ఆ రైల్లో వచ్చిందా, ఎడ్లబండిలోనా? 1936లో ఒడిశా విడిగా ఏర్పడ్డాక పుట్టింటికీ అత్తింటికీ మధ్య గీత పడింది. ఆ గీత దాటి వచ్చిన పిల్ల ఒడియా ఎవరి దగ్గర నేర్చుకుంది? మార్గశిర లక్ష్మివారాల్లో ముంగిట్లో బియ్యప్పిండితో ఝోటి (ఒడియా ముగ్గు) వేసి, మాణంలో (కొలపాత్రలో) కొత్త ధాన్యం పోసి పూజ చేసుకునే ఇళ్లు మీ చుట్టుపక్కల ఎన్నో ఉంటాయి. మీ ఇంట్లో ఆ పూజ ఉంటే అది అత్తగారు నేర్పిందా, పక్కింటి ఒడియా ఆవిడా? అమ్మ పోయింది కూడా ఆ మాసంలోనే కాబట్టి ఇది అడిగి తెలుసుకోండి.

ఇక పని. నా ఉద్దేశంలో పుస్తకంలో సగం దీనికే ఇవ్వాలి. ఆకుమడి నుంచి మొదలుపెట్టండి. నారు తీయడం, ఉభాలు (నాట్లు), గాబు (కలుపు) తీయడం, కోత, కళ్లంలో నూర్పు, చేటతో చెరగడం, ఎండబోయడం, వర్షం వస్తే ఉరుకుతూ ఎత్తడం. కోత ముందు తడి ఆరని చేలో పెసలు, మినుములు చల్లించడం. కూలీలకు చోడి అంబలి కాయడం. ఎవరికి ఎంత కొలిచి ఇవ్వాలో తేల్చడం. ఎండిన ఆనపబుర్రలో బీర, చిక్కుడు విత్తనాలు దాచి వచ్చే ఏటికి తీయడం. ఇందులో ఏవి మీ అమ్మ చేసింది, దేంట్లో ఆమెది పైచేయి, ఏ పని అంటే చిరాకు? తన చేతి పనిలో ఇష్టాయిష్టాలు లేని మనిషి ఉండదు.

జనాభా లెక్కల్లో ఏడాదికి ఆరు నెలలు, అంతకు మించి పనిచేసినవాళ్లను ప్రధాన శ్రామికులు అంటారు. సొంత పొలంలో కూలి లేకుండా చేసినదీ అందులోకే వస్తుంది. అయినా లెక్క రాసేవారు వాకిట్లోకి వచ్చి అడిగితే "ఆవిడ ఇంట్లోనే ఉంటుందండి" అని ఇంటి మగవాళ్లు చెప్పేయడం మామూలే. 2017 నుంచి ప్రభుత్వం అక్టోబరు 15ను మహిళా కిసాన్ దివస్‌గా జరుపుతోంది. ఆ సంగతి ఎన్ని పల్లెలకు చేరిందన్నది వేరే విషయం. మీ పుస్తకం మొదటి పేజీలో మాత్రం "రైతు" అని రాయండి. అన్నయ్య అభ్యంతరం చెప్పడనే అనుకుంటున్నాను. చెబితే ఆ పనుల జాబితా అతని ముందు పెట్టండి.

ఇప్పుడు మీ వదిన. ఆమె మాట గుచ్చుకుంది, నిజమే. అయితే అది అబద్ధమా? మీరు వెళ్లిపోయాక ఇన్నేళ్లూ ఆ వంటింట్లో, ఆ పొలం గట్టున మీ అమ్మ పక్కన ఉన్నది ఆవిడే. చివరి రోజుల్లో మంచం దగ్గర ఉన్నదీ ఆవిడే కావొచ్చు. ఆమె చేసినదాన్ని ఎవరైనా గుర్తించి ఒక్క మాట అన్నారా? పుస్తకం రాసే గౌరవం ఆడపడుచుకి వెళ్లింది, సేవ చేసిన కోడలు ఊరికే ఉండిపోయింది. ఆ మాట అక్కడినుంచి వచ్చిందని నా అనుమానం. ఫోన్ చేసి, "నువ్వన్నది నిజమే వదినా, నాకు తెలియదు, నువ్వు చెప్పు, నేను రాస్తాను" అనండి. సంజాయిషీలు వద్దు. అత్తతో ఆమెకు పడని సంగతులు కూడా బయటికొస్తాయి, అప్పుడు అమ్మ తరఫున వాదనకు దిగకండి. పుస్తకం మీద ఆమె పేరు కూడా వేయించండి.

బడి మాన్పించిన సంగతికి వస్తాను. మీ కోపం పాపం కాదు. ఎనభై నాలుగేళ్లు బతికిన మనిషి అందరితోనూ అన్ని వేళలా న్యాయంగా ఉండదు. కోతలు ముంచుకొస్తే, చంకలో పిల్లవాడుంటే, చాలా ఇళ్లలో చదువు ఆగేది పెద్ద కూతురిదే. అమ్మ దగ్గర వేరే దారి ఉందా లేదా అని మీరు అడగొచ్చు. ఉందని తేలినా మీరు ఆమెను ప్రేమించడం మానరు. పుస్తకంలో అది రాయాలా వద్దా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే రెండు వాక్యాల్లో, నిష్ఠూరం లేకుండా రాస్తాను. తర్వాత మీరు ఎలా చదువుకున్నారో, అందులో అమ్మ చెయ్యి ఎంతుందో దాని పక్కనే రాయొచ్చు. ఏ తప్పూ లేని అమ్మను మీ తమ్ముడి పిల్లలు ఎలాగూ నమ్మరు.

నాన్నగారిని త్వరగా కూర్చోబెట్టండి. "అమ్మ ఎలాంటిది నాన్నా" అంటే "మంచిది" అని ఊరుకుంటారు. "మన ఎడ్లు అమ్మేసిన రోజు అమ్మ ఏమంది" అని అడగండి. ఫోన్‌లో రికార్డు పెట్టి మీరు మాట్లాడకుండా ఉండండి, ఆయన మధ్యలో ఆగినా తొందరపెట్టకండి. మనవల్లో తెలుగు అక్షరాలు రానివాళ్లు ఉంటారు, మీ వైపు బడుల్లో అది మామూలే. వాళ్లకు ఆ గొంతు పనికొస్తుంది, పుస్తకం వెనక సగం ఒడియాలో వేయించినా సరే.

నిద్ర గురించి ఒక మాట. ఏడాది తిథి దగ్గరపడేకొద్దీ దిగులు మళ్లీ పెరగడం సహజం, భయపడకండి. అది గడిచాక కూడా రోజువారీ పనులు చేయలేకపోయినా, బతకాలని లేదనిపించినా సాయం అడగడానికి ఆగకండి. అలాంటి ఆలోచన వస్తే ఆ రోజే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

వదినకు ఫోన్ మాత్రం ఈ వారంలోనే చేయండి. కోతలు మొదలైతే ఆవిడకు మాట్లాడే తీరిక ఉండదు.