ఇంత ఎండ ఉన్నా అనంతపురం వేరుశనగ దాన్నంతా ఎందుకు వాడుకోలేదు?

అనంతపురం జిల్లాలో ఎండకు కొదవ లేదు కదా, మరి వేరుశనగ దిగుబడి అంతంతమాత్రమే ఎందుకన్న ప్రశ్నకు సమాధానంలో కొంత ఆకు లోపలే ఉంది (వానల సంగతి వేరే చెప్పనక్కర్లేదు). ఆకులోని పత్రహరితం ప్రధానంగా ఎరుపు, నీలం కాంతిని గ్రహించి, ఆ శక్తితో ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది; పోయిన ఎలక్ట్రాన్ల స్థానాన్ని నీటి అణువులు చీలి భర్తీ చేస్తాయి, ఆక్సిజన్ విడుదలవుతుంది. ఈ ప్రవాహం వల్ల హరితరేణువు (పత్రహరితం ఉండే కణభాగం) లోపల ఉండే పొరకు ఒక పక్క ప్రోటాన్లు పోగుపడి, అవి తిరిగి అవతలికి జారేటప్పుడు శక్తిని మోసే ఏటీపీ అనే అణువు తయారవుతుంది. ఎలక్ట్రాన్లు చివరికి ఎన్‌ఏడీపీహెచ్ అనే మరో వాహక అణువులో చేరతాయి. కాంతి రసాయన శక్తిగా మారేది ఇక్కడే. ఏటీపీ, ఎన్‌ఏడీపీహెచ్ రెండింటినీ ఖర్చుపెట్టి, రుబిస్కో అనే ఎంజైము పట్టుకున్న కార్బన్ డయాక్సైడును మొక్క చక్కెరగా మలుస్తుంది.

చిక్కంతా ఈ రుబిస్కోతోనే. నేల ఆరి, ఆకు రంధ్రాలు మూసుకుంటే లోపల కార్బన్ డయాక్సైడు తగ్గుతుంది. అప్పుడు రుబిస్కో దాని బదులు ఆక్సిజన్‌ను పట్టుకోవడంతో, అప్పటికే కూడబెట్టిన కర్బనంలో కొంత వృథాగా పోతుంది. పక్క చేలోని జొన్న మాత్రం కార్బన్ డయాక్సైడును ముందుగా వేరే ఎంజైముతో పట్టి, ఆకు ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోని రుబిస్కో దగ్గరికి దండిగా చేరవేస్తుంది కాబట్టి, అదే ఎండలో దానికి ఈ నష్టం చాలా తక్కువ. వరి కూడా ఈ విషయంలో వేరుశనగ కోవకే చెందుతుంది.