మౌస్ పట్టుకుంటే మణికట్టు నుంచి మోచేయి దాకా లాగుతోంది, ఏం చేయాలి?

మీ ప్రశ్న ఇదీ: రోజంతా ల్యాప్‌టాప్ మీద పని, కుడి మణికట్టు దగ్గర మొదలైన నొప్పి ఇప్పుడు మోచేయి దాకా లాగుతోంది. రిస్ట్ బ్యాండ్ కొనాలా, మంచి మౌస్ కొనాలా, డాక్టర్ దగ్గరకు వెళ్లాలా? ముందు ఏమీ కొనకండి. నొప్పి సరిగ్గా ఎక్కడుందో, ఏ వేలి దాకా పోతోందో చూసుకోండి. ఆ తర్వాత మీ బల్ల ఎత్తు, మౌస్ పెట్టుకునే చోటు చూడండి. నాకు సగం జవాబు అక్కడే దొరికింది.

నేను విజయవాడలో డీటీపీ పని చేస్తాను. పెళ్లికార్డులు, కరపత్రాలు, పరీక్షల సీజన్‌లో గైడ్లు, కొశ్చన్ బ్యాంకులు. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో మొదలుపెట్టి ఇన్‌డిజైన్, యూనికోడ్ దాకా వచ్చాం. పొద్దున్నుంచి రాత్రి దాకా కీబోర్డ్ మీదే ఉంటాం కాబట్టి, నాకు చేయి నొప్పి వచ్చినప్పుడు అందరూ టైపింగ్‌నే తిట్టారు. నాకేమో లెక్క కుదరలేదు. వరసగా మేటర్ కొట్టిన రోజు చేయి బాగానే ఉండేది. ప్రూఫ్ కరెక్షన్లు చేసిన రోజే సాయంత్రానికి మోచేయి బయటి వైపు ఒకటే సలుపు.

కరెక్షన్ అంటే ఎలా ఉంటుందో చెప్తాను. ప్రూఫ్ రీడర్ ఎర్ర పెన్నుతో చుట్టిన చోట మౌస్‌తో క్లిక్ చేయాలి. చేయి కీబోర్డ్ మీదకు తెచ్చి ఒక ఒత్తు తీసేయాలి. మళ్లీ మౌస్ అందుకుని రెండు లైన్ల కింద క్లిక్ చేసి సున్నా పెట్టాలి. మళ్లీ మౌస్. ఒక్కో పేజీలో ఇలాంటివి ఇరవై ముప్పై ఉంటాయి. ఇంతసేపూ చూపుడు వేలు క్లిక్ కోసం కొద్దిగా పైకి లేచే ఉంటుంది, మనకు తెలియదు. వేలిని అలా ఎత్తి పట్టే కండరాలు వేలి దగ్గర లేవు, ముంజేతి పైవైపు ఉన్నాయి. మణికట్టును పైకి వంచేవీ అక్కడివే. అవి చాలావరకు మోచేయి బయటి ఎముక దగ్గర అతుక్కుని ఉంటాయి. అందుకే పని చేసేది వేలు, నొప్పి మోచేతికి. దీన్ని టెన్నిస్ ఎల్బో అంటారు. నేను రాకెట్ ముట్టుకున్న పాపాన పోలేదు, అయినా వచ్చింది.

మీది అదేనా అని వంటింట్లోనే తెలుసుకోవచ్చు. అరచేయి కిందికి ఉండేలా దోసె పెనం ఎత్తి చూడండి. లేదా తడి బట్ట పిండండి. మోచేయి బయటి వైపు పోటు వచ్చి, అరచేయి పైకి పెట్టి అదే బరువు ఎత్తినప్పుడు అంతగా లేకపోతే చాలావరకు ఈ బాపతే.

వేళ్లలో తిమ్మిరి ఉంటే కథ వేరు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కి, చిటికెన వేలు మాత్రం బాగానే ఉంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకుంటోందేమో అని డాక్టర్లు అనుమానిస్తారు. అదే కార్పల్ టనెల్. అర్ధరాత్రి తిమ్మిరితో మెలకువ రావడం, చేయి విదిలిస్తే గానీ తగ్గకపోవడం దాని గుర్తు. కంప్యూటర్ వాడేవాళ్లందరూ తమది ఇదే అనుకుంటారు గానీ, కీబోర్డ్ వల్లే ఇది వస్తుందనడానికి గట్టి రుజువు లేదు. షుగర్, థైరాయిడ్ తక్కువ ఉండటం, గర్భం, అధిక బరువు, అదిరే మెషీన్లతో పని, వీటికి దీనితో సంబంధం ఎక్కువ. తిమ్మిరి ఉంటే అందుకే షుగర్, థైరాయిడ్ పరీక్షలు కూడా రాస్తారు. నొప్పి చేతికి, రక్తపరీక్ష ఎందుకని విసుక్కోకండి.

చిటికెన వేలి వైపు తిమ్మిరైతే మోచేయి లోపలి వైపు నరం. బల్ల అంచు మీద మోచేయి ఆనించి కూర్చునేవాళ్లకు, మోచేయి మడిచి గంటలకొద్దీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునేవాళ్లకు అది ఇబ్బంది పెడుతుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన పట్టేస్తే అక్కడి నరాలు కాదు, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు వాచి ఉంటాయి. చంటిబిడ్డను ఎత్తుకునే తల్లుల్లో ఇది బాగా కనిపిస్తుంది. బొటనవేలితో ఫోన్ జరపడం కూడా దాన్ని రేపుతుంది. మెడ తిప్పినప్పుడు చేయంతా జివ్వుమంటే అసలు మూలం మెడలో ఉండొచ్చు, అప్పుడు మౌస్ ఎన్ని మార్చినా లాభం లేదు.

ఇక బల్ల సంగతి. నేను వెళ్లిన ఫిజియోథెరపిస్టు చేయి పట్టుకుని చూడకముందే తన టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, "ఏమ్మా, ఆఫీసులో మౌస్ ఎక్కడ పెట్టుకుంటావో అక్కడ చేయి పెట్టి చూపించు" అన్నారు. పెట్టాను. చేయి కుడివైపు చాచుకుని ఉంది, భుజం చెవి దగ్గరకు లేచి ఉంది. "రోజంతా ఇలాగేనా?" అన్నారు. ఇలాగే. పెద్ద కీబోర్డులో కుడి చివర నంబర్ల కీలు ఉంటాయి కదా, వాటి అవతల మౌస్ పెట్టేసరికి చేయి ఒంటికి దూరం పోతుంది. నేను నంబర్ల కీలు వాడేది ఎప్పుడో బిల్లు కొట్టేటప్పుడు. అవి లేని చిన్న కీబోర్డ్ తెచ్చుకున్నాక మౌస్ జానెడు దగ్గరకొచ్చింది. కొనదలుచుకుంటే మొదట ఇది కొనండి, చేతిని పక్కకు నిలువుగా పెట్టి పట్టుకునే వర్టికల్ మౌస్ తర్వాత సంగతి. ఉన్న కీబోర్డే వాడాలంటే జీ, హెచ్ కీల మధ్య గీత మీ బొడ్డుకు ఎదురుగా వచ్చేలా జరుపుకోండి. వెనక ఉండే చిన్న కాళ్లు మడిచేయండి, అవి లేస్తే మణికట్టు పైకి వంగుతుంది.

బల్ల ఎత్తు ఇంకో తలనొప్పి. మామూలు ఆఫీసు బల్లలు సుమారు 30 అంగుళాలు ఉంటాయి. నాలాంటి పొట్టివాళ్లకు అది ఎక్కువ. మోచేయి దాదాపు బల్ల మట్టానికి ఉండాలి, భుజాలు వదిలేసినట్టు ఉండాలి, మణికట్టు అటూ ఇటూ వంగకుండా ముంజేతితో తిన్నగా ఉండాలి. దానికోసం కుర్చీ పైకి లేపితే కాళ్లు వేలాడతాయి. మా షాపులో దొరికేవి ఏ4 పేపరు రిమ్ములు, ఒక్కొక్కటి రెండంగుళాల మందం. రెండు కింద పెట్టుకుని కాళ్లు పెడదామనుకుంటే మా ఓనరు గారు "కాగితం మీద కాళ్లా, సరస్వతమ్మా!" అని ఊరుకోలేదు. చివరికి ఆయనే మిగిలిన ప్లైవుడ్ ముక్కలతో పీట చేయించారు. రిమ్ములు మానిటర్ కిందకు వెళ్లాయి, దానికి ఆయనకు అభ్యంతరం లేదు.

మీది ల్యాప్‌టాప్ అంటున్నారు కాబట్టి మీకు ఇది ఇంకా ముఖ్యం. స్క్రీన్ కంటికి సరిపోతే కీబోర్డ్ మరీ ఎత్తు అవుతుంది, కీబోర్డ్ చేతికి సరిపోతే మెడ వంగిపోతుంది. రెండూ ఒకేసారి కుదరవు. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల దొంతర మీద పెట్టి, విడిగా కీబోర్డ్, మౌస్ తగిలించుకోండి. మంచం మీద, ఒళ్లో పెట్టుకుని పని చేసే అలవాటు ఉంటే ముందు అది మానండి.

మౌస్ వాడకం తగ్గించడం నాకు బాగా పనికొచ్చింది. కంట్రోల్ నొక్కి యారో కీ కొడితే కర్సర్ మాట మాటకు దూకుతుంది. ఒకే తప్పు పుస్తకమంతా ఉంటే ఫైండ్ అండ్ రీప్లేస్. పేజీలు జరపడానికి చక్రం తిప్పకుండా పేజ్ డౌన్. పాయింటర్ వేగం కాస్త పెంచితే చేయి తక్కువ కదిలితే చాలు. సెట్టింగ్స్‌లో బటన్లు మార్చుకుని ఎడమచేత్తో మౌస్ పట్టడం కూడా నేర్చుకున్నాను. మొదట్లో ఏడుపొచ్చేది, లైను సెలెక్ట్ చేయబోతే పేరా మొత్తం సెలెక్ట్ అయ్యేది. ఇప్పుడు సగం రోజు ఆ చేయి, సగం రోజు ఈ చేయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అమరికలో తెలుగు టైప్ చేసేవాళ్లకు ఒక మాట: హల్లులు చాలావరకు కుడిచేతి కిందే ఉంటాయి కాబట్టి ఖ, ఘ, థ, ధ కొట్టేటప్పుడు ఎడమ షిఫ్ట్ నొక్కండి. కుడి షిఫ్టే వాడితే చిటికెన వేలు రోజంతా సాగుతూనే ఉంటుంది.

మధ్యమధ్య ఆపడం అందరూ చెప్పేదే, ఎవరూ చేయనిదే. వర్క్‌రేవ్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, కాసేపటికోసారి స్క్రీన్ మీదకొచ్చి ఆపమంటుంది. డెడ్‌లైన్ టెన్షన్‌లో దాన్ని మూసేయడమే ఎక్కువ. నాకు కుదిరిన ఉపాయం చిన్న నీళ్ల సీసా పెట్టుకోవడం. నింపుకోవడానికి లేవక తప్పదు.

వ్యాయామం విషయానికొస్తే, టెన్నిస్ ఎల్బోకి ఫిజియో నేర్పింది ఇది. ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉంచి, మణికట్టు నుంచి ముందు భాగం అంచు బయట ఉండేలా చేయి పెట్టాలి. అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని, రెండో చేత్తో మణికట్టును పైకి లేపి, తర్వాత ఒంటి చేత్తో అయిదు లెక్కపెట్టేంత నెమ్మదిగా కిందికి దించాలి. ఒక విడతకు పది, పదిహేను సార్లు. చేస్తున్నప్పుడు కాస్త నొప్పి పరవాలేదు. మర్నాటికి నొప్పి పెరిగితే సీసాలో నీళ్లు తగ్గించండి. ఇది వారంలో తేలే పని కాదు, నెలలు పడుతుంది. మొదటి నెల తేడా కనిపించక నేను మానేద్దామనుకున్నాను కూడా. చేతుల్లో తిమ్మిరి ఉన్నవాళ్లు మాత్రం ఇది చూసి మొదలుపెట్టకండి, వాళ్ల వ్యాయామాలు వేరే.

"రెస్ట్ తీసుకో" అనడం ఎంత తేలిక! ఆఫీసులో చేతికి విశ్రాంతి ఇచ్చి ఇంటికొచ్చి దుప్పట్లు పిండితే ఏం ప్రయోజనం? మా అత్తయ్యకు విషయం చెప్పాక బట్టలు పిండే పని మావారికి బదిలీ అయింది. స్కూటీ యాక్సిలరేటర్ కూడా చూసుకోండి, మణికట్టు బాగా పైకి విరిచి పట్టుకునేవాళ్లుంటారు.

రిస్ట్ బ్యాండ్ అడిగారు కదా. మణికట్టు తిన్నగా నిలబెట్టే స్ప్లింట్ కార్పల్ టనెల్ ఉన్నవాళ్లకు రాత్రి నిద్రలో పనికొస్తుంది. పగలు అది కట్టుకుని టైప్ చేస్తే మణికట్టు కదలక మోచేయి, భుజం అవస్థ పడతాయి. బిగుతుగా చుట్టే గుడ్డ పట్టీలతో తిమ్మిరి పెరగొచ్చు. పుత్తూరు కట్టు వేయించమని సలహా ఇచ్చేవాళ్లు నాకూ దొరికారు. అక్కడికి జనం వెళ్లేది ఎముక విరిగితే, మనకిక్కడ విరిగిందేమీ లేదు. బామ్ రాసుకుంటే కాసేపు హాయి, అంతకుమించి ఆశించకండి. నొప్పి మాత్రలు మందుల షాపులో అడిగి మింగేయడం వద్దు, ముఖ్యంగా అల్సర్, కిడ్నీ, బీపీ సమస్యలుంటే. టెన్నిస్ ఎల్బోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ త్వరగా ఉపశమనం ఇస్తుంది గానీ, తీసుకున్నవాళ్లలో కొన్ని నెలలకు మళ్లీ రావడం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఆ మాట డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

రెండు మూడు వారాలు ఈ మార్పులు చేసినా తగ్గకపోతే ఆర్థో డాక్టర్‌కు చూపించండి. చేతిలోంచి గ్లాసులు జారిపోవడం, తిమ్మిరి రోజంతా ఉండిపోవడం, బొటనవేలి కింద కండ పలచబడటం, వాపుతో ఎర్రబడటం ఉంటే అన్ని రోజులు కూడా ఆగొద్దు. నరాల పని తెలియడానికి నర్వ్ కండక్షన్ పరీక్ష ఉంది, ఎక్స్‌రేలో నరం కనపడదు. ఛాతీ బరువెక్కి, చెమటలు పడుతూ చేయి లాగితే దాన్ని మౌస్ మీదకు నెట్టకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

వాయిస్ టైపింగ్ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు కాబట్టి ముందే రాస్తున్నాను. గూగుల్ డాక్స్‌లో తెలుగు చెప్తే రాస్తుంది, మామూలు వాక్యాలు బాగానే పడతాయి. మీది ఈమెయిళ్లు, రిపోర్టుల పనైతే వాడి చూడండి. నాకు మాత్రం కుదరలేదు. పెళ్లికార్డులో ఇంటిపేర్లు, గైడులో సూత్రాలు అది రాసిన తీరు దిద్దుకోవాలంటే మళ్లీ మౌస్ పట్టుకుని కరెక్షన్లే చేయాలి.