యుద్ధంలో పౌరులు చనిపోతే అది ప్రతిసారీ యుద్ధ నేరమేనా?

కాదు, ప్రధానంగా పౌరులను కావాలని గురిపెట్టినా, దాడితో వచ్చే సైనిక ప్రయోజనానికి మించిన పౌర నష్టం జరుగుతుందని తెలిసీ దాడి చేసినా అది యుద్ధ నేరమవుతుంది.

యుద్ధంలో పాటించాల్సిన నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి ప్రోటోకాల్‌లో (అదనపు ఒప్పందంలో) ఈ నియమం ఉంది. ఆయుధ డిపోను కొట్టొచ్చు, కానీ పక్కనున్న ఇళ్లకు ఎంత నష్టమో ముందే అంచనా వేయాలి, తగిన జాగ్రత్తలు తీసుకోవాలి. కమాండర్‌ను తప్పుపట్టేది దాడికి ముందు అతనికి తెలిసినదాన్ని బట్టే, తర్వాత తేలిన మృతుల సంఖ్యను బట్టి కాదు. ఎంత నష్టమైతే 'మితిమీరినట్టు' అన్నదానికి చట్టంలో అంకె లేదు. సైన్యాలు తప్పించుకునే సందు ఇదే.

2015 అక్టోబరు 3న అఫ్గానిస్తాన్‌లోని కుందుజ్‌లో అమెరికా విమానం ఒక ఆసుపత్రిపై కాల్పులు జరిపితే 42 మంది చనిపోయారు. ఆసుపత్రిని నడిపే 'మెడ్‌సాన్ సాన్ ఫ్రాంటియర్' (డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్) అనే వైద్య సేవా సంస్థ ఆ చోటు ఎక్కడుందో సైన్యానికి ముందే చెప్పింది. అయినా పొరపాటున జరిగింది కాబట్టి యుద్ధ నేరం కాదని అమెరికా సైన్యం తేల్చి, 16 మందిపై శాఖాపరమైన చర్యలతో సరిపెట్టింది. తన కేసులో తానే జడ్జి అన్నమాట. స్వతంత్ర విచారణ కావాలని ఆ సంస్థ అడిగినా జరగలేదు.

శత్రువు జనం మధ్య దాక్కుంటే ఇక ఏం చేసినా చెల్లుతుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. జనాన్ని అడ్డుపెట్టుకోవడం నేరమే, కానీ అంతమాత్రాన ఆ జనానికి ఉన్న రక్షణ పోదు. దాడి చేసేవాళ్లు ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే.